మా బదులు ప్రయాణం చేసిన దిండ్లు

నా చిన్నప్పుడు మా కారులో ఆఖరి సీటు వెనక్కి తిరిగి ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. పెద్దవాళ్ళంతా ముందున్న దారిని చూస్తూ వెళుతుంటే, నేనూ మా తమ్ముడూ మాత్రం దాటివచ్చిన దారిని చూస్తూ కూర్చునేవాళ్ళం. వాడికి ఐదేళ్ళు, నాకు తొమ్మిది. వాడికి ఆ సీటు పడేది కాదు. ఊరు దాటీదాటకముందే కడుపులో తిప్పి వాంతి చేసుకునేవాడు. పక్కన సంచీ పట్టుకుని కూర్చోవడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగమంటే నాకెంత అసహ్యమో దేవుడికే తెలుసు.

అప్పట్లో మేము షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. నాన్న డాక్టరు. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, నర్సు ఉద్యోగం మీద వచ్చి మాతోనే ఉండేది. ఆమెకు ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డులో డ్యూటీ. ఒక వేసవిలో నాన్న ఎవరి దగ్గరో పాత ట్రైలర్ ఒకటి కొన్నారు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు అది. లోపల రెండు పొయ్యిల స్టవ్వు, దోసిలంత సింకు, మడత బల్ల, వెనక గోడకు ఒకదాని మీద ఒకటి రెండు మంచాలు, ముందువైపు పూల తెరలున్న పెద్ద కిటికీ. ఆ కిటికీ సరిగ్గా మా వెనక సీటుకి ఎదురుగా వచ్చేది.

పడమటి కొండలు చూడటానికి వారం రోజుల ప్రయాణం అనుకున్నాం. అమ్మ వంటిల్లు మొత్తం ట్రైలర్‌లోకి చేరవేసింది. బియ్యం, కుక్కరు, పచ్చడి సీసాలతో పాటు గుంటూరు నుంచి విమానంలో మోసుకొచ్చిన చిన్న రాతి కల్వం కూడా ఎక్కింది. అల్లం వెల్లుల్లి అందులో నూరితే తప్ప అమ్మకు కూర కూరలా ఉండదు. దాన్ని స్టవ్వు పక్కన, ఇంట్లో ఎలా ఉంటుందో అలాగే పెట్టింది. ఇల్లు కదులుతుందన్న సంగతి మాలో ఎవరికీ ఇంకా తలకెక్కలేదు.

బయలుదేరే ముందురోజు నాన్న ఒక ఉపాయం చెప్పారు. "వీణ్ణి ట్రైలర్‌లో పడుకోబెడితే వాంతులే ఉండవు. పెద్దది తోడుంటుంది. మంచాలున్నాయి, బాత్రూం ఉంది, ఇంకేం కావాలి?" ఆస్పత్రిలో ఎవరో తమ పిల్లల్ని అలాగే తీసుకెళతారట. కొన్ని రాష్ట్రాల్లో కూడదంటారు గానీ మనల్ని ఆపి అడిగేదెవరు అన్నారు. నేను ఎగిరి గంతేశాను. పెద్దవాళ్ళెవరూ లేని ఇల్లు, అదీ పరుగెత్తే ఇల్లు! తమ్ముడు కూడా చప్పట్లు కొట్టాడు. నాన్నతో వాదిస్తే ఆయన మాట గట్టిపడేదే తప్ప మెత్తబడేది కాదు. ఆ సంగతి అమ్మకూ తెలుసు, పిన్నికీ తెలుసు.

మర్నాడు పొద్దున పిన్ని రెండు దిండ్లు పట్టుకుని కిందికి దిగివచ్చింది. పొడుగు దిండుకి నా నీలం గౌను తొడిగింది. పొట్టి దిండుకి తమ్ముడి పసుపు చొక్కా తొడిగి బొత్తాలన్నీ పెట్టింది. మెడ వచ్చేలా రిబ్బను బిగించి కట్టి, కాటుకతో కళ్ళు దిద్దింది, నోళ్ళు గీసింది. నాదానికి బొట్టు పెట్టింది. తమ్ముడిదానికి బుగ్గ మీద దిష్టిచుక్క కూడా పెట్టింది. చూస్తూ చూస్తూ ఉండగానే అవి దిండ్లలా కనిపించడం మానేశాయి.

"పిల్లల బట్టలు వాటికి తొడగటం ఏంటే? అశుభం," అంది అమ్మ.

"అశుభమని నీకు తెలుస్తానే ఉందిగా అక్కా," అంది పిన్ని. తర్వాత నాన్న వైపు తిరిగి, "బావగారూ, ముందు ఈ ఇద్దర్నీ కూచోబెడదామండీ. మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు తలుపు తీసి చూద్దాం. ఎక్కడి వాళ్ళు అక్కడే ఉంటే, అక్కణ్ణుంచి మన పిల్లల్ని ఎక్కిద్దాం," అంది.

నాన్న పెద్దగా నవ్వి, "సరే మరదలా, నీ ముచ్చట మేమెందుకు కాదనాలి," అన్నారు. అలా అదొక పందెమైంది, దాన్ని అందరికన్నా గట్టిగా గెలవాలనుకున్నది నేనే. తమ్ముడి దిండుని వెనక కింది మంచం మీద పడుకోబెట్టి గొంతు దాకా దుప్పటి కప్పి, అంచులు పరుపు కిందికి దోపాను. నా దిండుని ముందు కిటికీ పక్కన బల్ల దగ్గర, నేను కూర్చోవాలనుకున్న చోటే కూర్చోబెట్టాను. మధ్యాహ్నం దాకా బుద్ధిగా ఉండమని రెండింటికీ చెప్పాను.

ఊరు దాటాక దారికి రెండువైపులా మొక్కజొన్న చేలు మొదలయ్యాయి. ఆ చేలకు అంతు లేదు. గాలి వీస్తే చేను మొత్తం ఒక్కసారి ఒకవైపు తిరిగేది. తమ్ముడు సంచీలో తల పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా ఉన్న కిటికీనే చూస్తున్నాను. ట్రైలర్ మా వెంటే, ఎప్పుడూ అంతే దూరంలో, ఒక్క అంగుళం వెనకబడకుండా వస్తోంది. దాని పూల తెరలు మూసి ఉన్నాయి.

రెండు గంటల తర్వాత గ్యాస్ స్టేషన్‌లో ఆగాం. నాన్న కారుకి పెట్రోలు పోయిస్తున్నారు, అమ్మ తమ్ముడి మొహం కడుగుతోంది. నేను ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ట్రైలర్ తలుపు తీశాను.

తమ్ముడి దిండు మంచం మీద లేదు. తలుపు దగ్గరే ఉంది. గుమ్మానికి బుగ్గ ఆనించి బోర్లా పడుకుని ఉంది. దుప్పటి మంచం దగ్గర్నుంచి దాని వెనకే ఈడ్చుకొచ్చినట్టు నేల పొడుగునా పరుచుకుంది. భయం కన్నా పందెం పోతుందన్న కోపమే ఎక్కువైంది. దాన్ని ఎత్తి మళ్ళీ మంచం మీద వేసి, దుప్పటి కప్పి, మా తమ్ముణ్ణి బెదిరించినట్టే వేలు చూపించి, "కదిలావంటే చంపేస్తా," అన్నాను. బయట నాన్న హారన్ కొట్టారు. దిగి తలుపు తోసి పరుగెత్తాను.

తలుపు గడియ పడిందో లేదో చూడలేదు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ క్షణాన్ని గుర్తు చేసుకున్నానో లెక్కలేదు. గడియ పడిన చప్పుడు ఒక్కసారి కూడా నాకు వినబడలేదు.

మళ్ళీ బయలుదేరిన కాసేపటికి దారి బాగా గతుకులైంది. నాన్న ఎందుకో గట్టిగా బ్రేకు వేశారు. ఎదురుగా పూల తెరలు చీలి, వాటి మధ్య నుంచి నా నీలం గౌను లేచి నిలబడింది. కాటుక కళ్ళు అద్దానికి ఆనించి నాకేసి చూసింది. దారి కుదుపుకి దాని తల అటూ ఇటూ ఆడుతోంది, వద్దు, వద్దు అంటున్నట్టు. నా గౌనులో ఉన్నది నేనే అయినట్టు, ఇటు కూర్చున్నది ఎవరో అయినట్టు అనిపించింది. అరవాలనుకున్నాను. అరిస్తే పందెం పోతుంది. అరిచినా ఎవరికి వినబడుతుంది? కిటికీల్లోంచి గాలి హోరు, ముందు టేపులో పాటలు. ఒకే కారులో కూర్చుని నేను పిలిస్తేనే అమ్మ మూడోసారికి గానీ వెనక్కి తిరగదు. అద్దం అవతల ఉన్నవాళ్ళ సంగతేమిటి? అది నాకు అప్పుడు తట్టింది. తట్టినా నోరు మూసుకుని కూర్చున్నాను. కాసేపటికి నీలం గౌను మెల్లగా జారి కిందికి వెళ్ళిపోయింది. తెరలు ఊగుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం దారి పక్కన బల్లలు వేసి ఉన్న చోట ఆగాం. అమ్మ పులిహోర డబ్బా తీయబోతోంది. నాన్న ట్రైలర్ పక్కకు వెళ్ళి అక్కడే నిలబడిపోయారు. తలుపు బార్లా తీసి ఉంది. గాలికి గోడను కొట్టుకుంటూ ఉంది.

లోపల అలమరలన్నీ తెరుచుకుని ఉన్నాయి. నేలంతా బియ్యం. నా దిండు స్టవ్వుకీ బల్లకీ మధ్య వెల్లకిలా పడి ఉంది. దాని మొహం కనిపించలేదు. మొహం ఉండాల్సిన చోట అమ్మ రాతి కల్వం కూర్చుని ఉంది. ఎవరో చూసి చూసి పెట్టినట్టు సరిగ్గా అక్కడే. పిన్ని వంగి కల్వం తీసింది. బొట్టు నుదురంతా పులుముకుపోయింది. పిన్ని దాన్ని కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. గెలిచినట్టు ఆమె మొహంలో ఏమీ లేదు.

"వాడేడీ?" అంది అమ్మ. తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

వెనక మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా లేదు. పొట్టి దిండు ఎక్కడో దారిలో దిగిపోయింది.

"దిండేగా, పోతే పోయింది," అన్నారు నాన్న. గొంతు మాత్రం ఆయనది కాదు.

"కారు తిప్పండి. వాడి చొక్కా వేసుకున్నాడు. ఒక్కడే రోడ్డు మీద ఉన్నాడు," అంది అమ్మ. తమ్ముణ్ణి ఎత్తుకుని ముందు సీట్లో కూర్చుంది. భోజనం ఎవరూ చేయలేదు. నాన్న కారు తిప్పారు. నాన్న మాట వెనక్కి తీసుకోవడం నేను చూడటం అదే మొదలు.

చాలా దూరం వెనక్కి వెళ్ళాక దారి పక్కన పోలీసు కారు కనబడింది. దాని వెనక ఇంకో కారు ఉంది. ఒక అమెరికన్ ముసలావిడ చేను అంచున నిలబడి ఉంది. పోలీసు మొక్కజొన్నల్లోంచి ఇవతలికి వచ్చాడు, ప్యాంటుకి మోకాళ్ళ దాకా మట్టి. మా వెనక చాలాసేపు వచ్చింది తనేనని ఆవిడ చెప్పింది. ట్రైలర్ తలుపు తెరుచుకుందట. చిన్నపిల్లవాడు తలుపు దగ్గరికి వచ్చి, ఒక్క నిమిషం నిలబడి, కింద పడ్డాడట. ఎంత హారన్ కొట్టినా మేము ఆగలేదట. ఆ మాటకు నాన్న తల వంచుకున్నారు.

అది దిండు అని నాన్న వివరించబోయారు. ఆ ఇంగ్లీషు ఆయనకే అర్థం కానట్టు తడబడ్డారు. పోలీసు మా కారులోకి తొంగి చూసి మా ఇద్దరినీ లెక్కపెట్టాడు. ఇద్దరేనా అని అడిగాడు. ఇద్దరే అన్నారు నాన్న. మళ్ళీ అడిగాడు. ముసలావిడ కిటికీ దగ్గరికి వచ్చి తమ్ముడి గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. వీడు కాదు అంది. వాడు పసుపు చొక్కా తొడుక్కున్నాడు, బుగ్గ మీద నల్లటి మచ్చ ఉంది అంది. అంత వేగంలో ఆ చుక్క ఆవిడకు ఎలా కనబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాన్న, పోలీసు, పిన్ని ముగ్గురూ చేలో వెతికారు. దుప్పటి దొరికింది. దిండు దొరకలేదు. మొక్కల వరసల మధ్య నుంచి నాన్న గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపించేది. ఆయన ఏమని పిలుస్తున్నారో నేను విన్నాను. తమ్ముడి పేరు పెట్టి పిలుస్తున్నారు. తమ్ముడు అమ్మ ఒళ్ళోంచి, "ఏంటి నాన్నా?" అన్నాడు. నాన్నకు వినబడలేదు.

తిరిగి వచ్చి స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఆయన కూర్చున్నారు. తర్వాత ఏడ్చారు. ఆ ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. ఇంటికి వచ్చేశాం. దారంతా తమ్ముడు అమ్మ ఒళ్ళో వాంతులు చేసుకుంటూనే ఉన్నాడు, ఎవరూ విసుక్కోలేదు. పిన్ని ఆ తర్వాత ఎప్పుడూ ఆ పందెం ఊసెత్తలేదు. నేనూ గ్యాస్ స్టేషన్‌లో తలుపు తీసిన సంగతి పిన్నికి ఆమె పోయేదాకా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఆవిడ తిట్టి ఉండేది కాదు.

ఇప్పుడు మా అల్లుడు పెద్ద ట్రైలర్ కొన్నాడు. అందులో టీవీ ఉంది, సోఫా ఉంది. మనవలు "అమ్మమ్మా, ఐ వాంట్ టు రైడ్ బ్యాక్ దేర్, ప్లీజ్" అని నా చుట్టూ తిరుగుతారు. ఏ రాష్ట్రంలో ఏ రూలో ఫోన్‌లో చూసి చెబుతారు. రూలు సంగతి నాకు తెలియదర్రా, నేను ఉండగా మీరు ఎక్కరు అంటాను. వాళ్ళ అమ్మ నవ్వుతుంది. లాగేవాడికి వెనకవాళ్ళ గొంతు వినబడదని ఆ రోజు నేర్చుకున్నాను. అది ట్రైలర్ దగ్గరే ఆగలేదు. మా పిల్లలు పెరుగుతున్నప్పుడు వాళ్ళ బాగు కోసమే అనుకుని నేను ఎటో లాక్కెళుతుంటే, మధ్యలో ఆగి వాళ్ళు ఏమంటున్నారో వినేదాన్ని. ఎప్పుడూ విన్నానని చెప్పను. ఆగానన్నది మాత్రం నిజం.

కిందటి వేసవిలో తమ్ముడూ నేనూ ఒక పెళ్ళికి అదే దారిన వెళ్ళాం. వాడే డ్రైవ్ చేస్తున్నాడు. వాడికి జుట్టు నెరిసింది, బట్టతల కూడా వస్తోంది. ఆ చేల దగ్గరికి రాగానే వాడంతట వాడే కారు స్పీడు తగ్గించాడు. నేను కుడివైపు కిటికీకి మొహం ఆనించి మొక్కజొన్న వరసల్లోకి చూడటం మొదలుపెట్టాను. ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా అలాగే చూస్తాను.

"కనబడ్డాడా అక్కా?" అన్నాడు.

"లేదురా," అన్నాను.

ఇద్దరం నవ్వాం. చేను అయిపోయేదాకా వాడు స్పీడు పెంచలేదు.