పద్దెనిమిది పిస్టన్లు

మొన్న శనివారం ఖాజాగూడలో మా మనవరాలి బడికి వెళ్లాను. తాతయ్యలకూ నానమ్మలకూ బడి చూపించే రోజట. తొమ్మిదిన్నరకు రమ్మన్నారు. నేను తొమ్మిదీ ఇరవై అయిదుకు అక్కడున్నాను, వాళ్లు పదీ పదికి మొదలుపెట్టారు. అయిదో అంతస్తులో బ్యాండు గది చూపించారు. గోడ పొడవునా ముప్పై రెండు వాయిద్యాలు, ఒక్కోదాని మీద ఒక్కో చిన్న దీపం, నగల కొట్లో హారాల్లాగా. వాటిలో ట్రంపెట్లు పది. ట్రంపెట్‌కు మూడు మీటలుంటాయి, వాటి కింద మూడు పిస్టన్లు గొట్టాల్లో పైకీ కిందికీ ఆడాలి. దగ్గర్లో ఉన్నదాని మీట నొక్కాను. కదల్లేదు. పక్కదానిది దిగింది గాని మళ్లీ పైకి రాలేదు. పదీ నొక్కి చూశాను. మూడు మీటలూ ఆడినవి రెండంటే రెండే. అక్కడున్న అమ్మాయిని, మెడలో కార్డు వేసుకుని నవ్వుతున్న అమ్మాయిని, ఇవి పలకవు కదమ్మా అని అడిగాను. "డోంట్ వర్రీ మేడమ్, ప్రోగ్రామ్‌లో స్పీకర్‌లో ట్రాక్ వేస్తాం. పిల్లలు జస్ట్ పట్టుకుంటారు, అంతే. ఫొటోల్లో సూపర్‌గా వస్తుంది" అంది. పిల్లలు ఊదరా అని అడిగాను. "ఊదినట్టు చేస్తారు మేడమ్." మరి వీటికి నూనె ఎవరు వేస్తారు? "వెండర్ ఉన్నారు." చివరిసారి ఎప్పుడొచ్చాడు? ఆ అమ్మాయి ఫోను అటూ ఇటూ జరిపి, "టికెట్ రెయిజ్ చేస్తాం మేడమ్" అంది. పిస్టన్‌కు మూడు చుక్కల నూనె వేయడానికి ఈ ఊళ్లో ఫిర్యాదు టికెట్ కావాలి.

ఈ వైపు జనానికి మెరుపు ఒక జబ్బు. మేముండే అపార్టుమెంటు కింద హాల్లో నడుమెత్తు ఇత్తడి గంగాళం ఒకటి ఉంది. దానిలో ఎవరూ ఏనాడూ నీళ్లు కాచలేదు. దాన్ని తుడవడానికే ఒక మనిషిని పెట్టారు. అదే లిఫ్టు తలుపు నెలకు రెండుసార్లు ఇరుక్కుంటుంది, దానికి మాత్రం ఎవరూ లేరు. మెరిసేది పనిచేస్తున్నట్టే లెక్క అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట ఎక్కడ మొదలైందో చెప్పాలంటే నా సంగతే చెప్పాలి.

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి తిరిగే మలుపు దగ్గర ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. కిటికీ తెరిస్తే బోర్డు మీద రాసింది దుమ్ములో కనపడేది కాదు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ తన బ్యాండును ఎత్తేస్తూ వాయిద్యాలు మా బడికిచ్చింది. పెద్ద డ్రమ్ము ఒకటి, చిన్న డ్రమ్ములు ఆరు, తాళాల జత ఒకటి, ట్రంపెట్లు నాలుగు, యుఫోనియంలని పెద్ద పొట్ట ఉన్న ఇత్తడి బాకాలు రెండు. ఇత్తడివి ఆరు, ఒక్కోదానికి మూడు చొప్పున పిస్టన్లు పద్దెనిమిది. నాకు సరిగమలకూ సున్నాలకూ తేడా తెలియదు. అయినా ఆ గది తాళాలు నాకే ఇచ్చారు, రిజిస్టరు పుస్తకం శుభ్రంగా రాస్తానని.

వాయించడం నేర్పేదీ బాగుచేసేదీ డ్రిల్ మాస్టరు. వికారాబాద్ దగ్గర పల్లె మనిషి. చొక్కా జేబులో తంబాకు పొట్లం, చెవి మీద పెన్సిలు. ఆ పెన్సిలుతో ఆయన ఒక్క అక్షరం రాయగా నేను చూడలేదు, దానితో డ్రమ్ము మీద దరువు వేసేవాడు. ఆయనంటే నాకు చిన్నచూపు. తేదీ అడిగితే వారం చెప్పే మనిషి పిల్లలకేం నేర్పుతాడని స్టాఫ్ రూములో పైకే అనేదాన్ని. కానీ ప్రతి శనివారం ఆఖరి పీరియడ్ అయ్యాక ఆయన చేసే పని మాత్రం కుర్చీ వేసుకుని చూసేదాన్ని. ముందు గొట్టాల్లో చేరిన ఎంగిలి నీళ్లు వదిలేవాడు. పాత బనీను పేలిక దారానికి కట్టి ఒక కొసన దూర్చి రెండో కొసన లాగేవాడు, అది బొగ్గులా బయటికి వచ్చేది. పిస్టన్లు ఒక్కొక్కటే తీసి, తుడిచి, కుట్టుమిషన్ నూనె మూడు చుక్కలు వేసి, ఎక్కడిదక్కడే పెట్టేవాడు. పిస్టన్ మీద చిన్నగా అంకె కొట్టి ఉంటుంది. ఒకటోది రెండోదాని ఇంట్లో పెడితే గాలి పోదు. డ్రమ్ముల మరలు రెండేసి చుట్లు వదులు చేసేవాడు, రాత్రంతా తోలు బిగిసి ఉండకూడదని. సొట్ట పడితే బాలానగర్‌లో లేతు మిషన్ మీద పనిచేసే స్నేహితుడి దగ్గర కర్రగుండు తిప్పించుకొచ్చి, లోపల్నుంచి నెమ్మదిగా తట్టేవాడు.

ఇదంతా పుస్తకంలో ఎక్కాలని నా పట్టుదల. నాలుగు గడులు గీశాను: తేదీ, వాయిద్యం, చేసిన పని, చేసినవారు. ఆయన నవ్వాడు. "రాసుడెందుకు టీచరమ్మా? ఊది సూస్తె అదే జెప్తది." నేనే రాశాను. ఆఖరి గడిలో ఎప్పుడూ ఆయన పేరే కాబట్టి, జూన్‌లోనే మార్చి దాకా ప్రతి వరుసలో "డ్రిల్ మాస్టరు" అని ఒకే సిరాతో ముందుగా నింపేశాను. పని తగ్గుతుంది, పేజీ అందంగా ఉంటుంది. ఆ పేజీలు చూసి నేనే మురిసిపోయేదాన్ని.

ఆయనది ఆరేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగం. ఆ ఏడు వార్షికోత్సవం బాగా జరిగితే పర్మినెంటు చేస్తానని కరస్పాండెంటు మాటిచ్చాడు. పర్మినెంటు అయితే కూతురికి మా బడిలో ఆరో తరగతిలో సీటొస్తుంది. "నా బిడ్డ ఈడ సదువుతె సాలు టీచరమ్మా, ఇగ నాకేం ఫికర్ లేదు" అని పేలిక లాగుతూ పది శనివారాలైనా అని ఉంటాడు.

ఉత్సవం సోమవారం. హైటెక్ సిటీలో ఒక పెద్ద కంపెనీ అధిపతి ముఖ్య అతిథి. గురువారం సాయంత్రం డ్రిల్ మాస్టరు పరుగున వచ్చాడు. ఊళ్లో తల్లి జారిపడి తుంటి విరిగిందట, దవాఖానలో చేర్చారట. "సోమవారం పొద్దుగాల్నే వస్త. అన్ని సాఫ్ జేసి పెట్టిన. జర సూస్కోండ్రి, ఏం ముట్టకుంటె సాలు" అన్నాడు. సెలవు చీటీ రాయలేదు. చెప్పింది నాకొక్కదానికే. ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు. తాళాలు నా దగ్గరుంటే ముట్టవద్దని చెప్పేందుకు ఈయనెవరు?

శనివారం కరస్పాండెంటు బ్యాండు గదిలోకి తొంగి చూసి, "ఇవేంటండీ ఇలా నల్లబడ్డాయి? అతిథి గారు ఏమనుకుంటారండీ?" అని వెళ్లిపోయాడు. ఆ మాట చాలింది నాకు. మాది కర్నూలు వైపు. మా ఇంట్లో పండగ ముందు ఇత్తడి సామాను చింతపండుతో తోమి మొహం చూసుకునేలా తెచ్చేవాళ్లం. ఇదీ ఇత్తడే, అదీ ఇత్తడే. ముగ్గురు ఆయాలను పిలిచి, రెండు గంగాళాల్లో చింతపండు నానబోయించి, ఉప్పు తెప్పించి, పిస్టన్లతో సహా అన్నీ విప్పించాను. "అమ్మో, ఎంత సిలుము పట్టిందో! గీ మాస్టరింట్ల ఆడోళ్లు లేరా ఏంది?" అని పెద్ద ఆయా పీచుతో రుద్దుతుంటే నేనూ నవ్వాను. పద్దెనిమిది పిస్టన్లు ఒకే బుట్టలో కుప్ప పోశారు. ఆరిన తర్వాత ఏది పడితే అది, దూరిన చోట దూర్చారు. రంగు నిలిపే పై పూత పోయింది, ఉప్పురవ్వ గొట్టాల్లో మిగిలింది. ఆ సంగతులు అప్పుడు నాకు తెలియవు. ఆరూ పెళ్లివారి బిందెల్లా మెరిశాయి. పుస్తకం తీసి ఆ తేదీ వేసి, "ఇత్తడివి 6, పూర్తిగా శుభ్రం చేయబడినవి" అని రాశాను. పక్క గడిలో ఎవరి పేరుందో చూడనే లేదు.

సోమవారం డ్రిల్ మాస్టరు బస్సు దిగి తిన్నగా మైదానంలోకి వచ్చేసరికి పిల్లలు వరుసల్లో ఉన్నారు, అతిథి కారు గేటు దాటింది. డ్రమ్ములు మోగాయి. బాకాలెత్తి పిల్లలు బుగ్గలు పూరించారు. ఏమీ రాలేదు. ఒక యుఫోనియం నుంచి మాత్రం గేదె దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది. అతిథి మర్యాదగా చప్పట్లు కొట్టాడు, అదే అన్నిటికంటే ఘోరం.

పన్నెండింటికి కరస్పాండెంటు గదిలో ముగ్గురమే ఉన్నాం. ఆయన పుస్తకం తిప్పి ఆఖరి వరుస మీద వేలు పెట్టాడు. "శనివారం మీరే శుభ్రం చేశారని ఉందండీ. ఇదేనా శుభ్రం?" డ్రిల్ మాస్టరు ఆ వరుస చూశాడు, తర్వాత నా వంక చూశాడు. నేను కిటికీలోంచి మెట్రో స్తంభాన్ని చూశాను. ఎంతసేపో చెప్పగలను, గోడ గడియారంలో మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఆయన పర్మినెంటు మాట పోయింది. మార్చితో కాంట్రాక్టు కూడా ముగిసినట్టేనని కరస్పాండెంటు చెప్పాడు. డ్రిల్ మాస్టరు చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

సాయంత్రం నాలుగున్నరకు బ్యాండు గదికి వెళ్లాను. ఆయన నేల మీద కూర్చుని పిస్టన్లను సబ్బునీళ్లలో కడిగి, వేలితో తడిమి, ఏది ఎవరిదో వేరుచేస్తున్నాడు. ఇది నేను చేయించిందే అన్నాను.

"ఎరికే టీచరమ్మా. చింతపండు వాసన తెల్వదా నాకు?"

రేపు కరస్పాండెంటుకు చెబుతాను అన్నాను.

"మీ ఇష్టం. జర గా పేలిక ఇటియ్యండ్రి."

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి పుస్తకం పట్టుకుని కరస్పాండెంటు ముందు నిలబడ్డాను. ఆ వరుసను ఎర్ర సిరాతో కొట్టేసి నా పేరు రాశాను. ఆయన దాన్ని చదివి నా మీద జాలిగా నవ్వాడు. "మీ మనసు మంచిదండీ. ఆయన్ని కాపాడాలని చూస్తున్నారు." డ్రిల్ మాస్టరు శనివారం ఈ ఊళ్లోనే లేడన్నాను. "సెలవు చీటీ ఉందాండీ?" లేదు. "మరి పుస్తకం ప్రకారం ఉన్నాడు గదండీ." ఆయాలను పిలిచి అడగమన్నాను. "మీరేం చెప్పమంటే వాళ్లు అదే చెబుతారు. ఇన్నేళ్లుగా మీ పుస్తకంలో ఒక్క తప్పు చూడలేదండీ నేను. ఇప్పుడు ఆయన కోసం మీరెందుకు తప్పు రాసుకుంటారు?" నా మాటను నేను రాసిన పుస్తకంతోనే కొట్టేశాడు. నాకు కోపం రావలసింది, పుస్తకం మూసి చంకన పెట్టుకుని బయటికొచ్చాను.

మార్చి ఆఖరి శనివారం డ్రిల్ మాస్టరు నాకు వాయిద్యాలు అప్పజెప్పాడు. పద్దెనిమిది మీటలూ నొక్కి చూపించాడు, అన్నీ ఆడాయి. కూతురు మూసాపేట సర్కారు బళ్లోనే ఉంటుందన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "పుస్తకం మాత్రం మంచిగ రాస్తరు టీచరమ్మా మీరు" అని వెళ్లిపోయాడు. నేను ఆయన మీద ఆరేళ్లు చూపిన చిన్నచూపంతా ఆ ఒక్క మాటలో నాకు తిరిగి ముట్టింది.

సోమవారం పన్నెండు నుంచి మంగళవారం తొమ్మిది దాకా ఇరవై ఒక్క గంటలు. ఆ గదిలో అప్పుడే నోరు విప్పి ఉంటే అది నా తప్పుగా ఉండేది, మర్నాటికి నా మంచితనం అయిపోయింది. అంత కొద్ది కాలంలో నిజం ఎవరికీ పనికిరాకుండా పాతబడిపోతుందని నాకెవరూ చెప్పలేదు. లెక్కల టీచర్ని, ఆ మాత్రం లెక్క నేనే వేసుకుని ఉండాల్సింది.