ఇరవైని చెరిపేయమన్న లాంచీ

1986 నాటి సంగతి. అప్పట్లో ఆటోనగర్‌లో నాకు చిన్న ఫైబర్‌గ్లాస్ షెడ్డు ఉండేది. పడవలు షెడ్డు దాకా రావు కాబట్టి, సామాను సంచిలో వేసుకుని నేనే హార్బరుకు వెళ్ళి పనిచేసి వచ్చేవాణ్ణి. పగుళ్ళు పూడ్చడం, పాలిష్ పెట్టడం, పేర్లు రాయడం నా పని.

ఆ ఏడు వానలు తగ్గాక సత్యారావు అనే కాంట్రాక్టరు బొంబాయి వైపు నుంచి ఒక పాత ఫైబర్ లాంచీ కొనుక్కొచ్చాడు. ఓడలు హార్బరులోకి వచ్చే ఛానెల్‌కు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు జనాన్ని దాటించడానికి. యారాడ నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు, డ్యూటీలకు పోయే కూలీలు దానిలోనే వెళ్ళాలి. పాత పేరు తీసేసి వాళ్ళమ్మ పేరు రాయాలని నాకు కబురు పెట్టాడు.

ఆ పాత పేరు పెయింటు కాదు, స్టిక్కరు అక్షరాలు. ఎండకి ఎండి పెంకులైపోయాయి. వాటిని తీయడానికి ఓపిక కావాలి. వేడినీళ్ళలో ముంచిన గోనెపట్టా అక్షరం మీద కాసేపు అదిమి ఉంచితే కింద జిగురు మెత్తబడుతుంది. అప్పుడు అంచు గోటితో లేపి, పైకి గుంజకుండా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురుకు కిరసనాయిలు గుడ్డ పట్టించి, నానాక చెక్క ముక్కతో గీకాలి. బ్లేడు పెట్టకూడదు, థిన్నరు పొయ్యకూడదు. ఫైబర్ పడవకి పైన జెల్‌కోట్ అని నున్నటి పొర ఉంటుంది. అదే పడవకి చర్మం. అది తెగితే నీళ్ళు లోపలికి పాకుతాయి. జిగురంతా పోయినా అక్షరం నీడ మిగులుతుంది. చుట్టూ ఉన్న రంగు ఎండకి వెలిసిపోతుంది, అక్షరం కిందున్న చోటు కొత్తగా ఉండిపోతుంది. దాన్ని రబ్బింగ్ కాంపౌండ్ అనే అరగదీసే ముద్దతో రుద్ది రుద్ది కలపాలి.

పేరు తీసేసి, మెరుగు పెట్టి, నడుం పట్టుకుని నిలబడ్డాను. సత్యారావు వచ్చి చెయ్యిపెట్టి చూసి మెచ్చుకున్నాడు. తరవాత జనం ఎక్కే చోటు పక్కకి వేలు చూపించాడు. అక్కడ ఎర్రటి స్టిక్కరు అంకె ఉంది. ఇరవై. ఇరవై మందికి మించి ఎక్కకూడదని పడవ కట్టినవాళ్ళు అంటించింది.

"అది కూడా తీసెయ్ మేస్త్రీ. నలభై ఎట్టు."

నాకు సరిగ్గా వినబడలేదనుకున్నాను. "నలభయ్యా? ఎవలు సెప్పారు బాబూ?"

"ఎవలు సెప్పేదేటి? పడవ నాది. రెండు ట్రిప్పులు తిరిగేకన్నా ఒక్క ట్రిప్పు మేలు కదా. ఆ ఇరవై బొంబాయి సముద్రానికి ఎట్టింది. మనది ఛానెల్, సెరువులాగుంటది."

"పెద్ద ఓడ పక్కనుంచి పోతే ఆ సెరువు ఎలా లేత్తదో నువ్వు సూడ్లేదా? నాను అంటించను."

"నీకెందుకయ్యా? నువ్వు స్టిక్కర్లోడివి. తియ్యమన్నది తియ్యి, ఎట్టమన్నది ఎట్టు."

నాకు కోపం ముంచుకొచ్చింది. గుడ్డలూ చెక్కముక్కలూ సంచిలో పడేసుకుని వచ్చేశాను. లాంచీ నడిపే సరంగు ఎర్రయ్య ఆ మాటలన్నీ విన్నాడు. తాడు చుట్టుకుంటూ తల దించుకున్నాడు. పిల్లలు గలవాడు, ఆ పని పోతే ఇంకో పని దొరకదన్న భయం అతనిది. కోపం నాకు అతని మీద లేదు.

నాలుగు రోజులాగి మనసాగక జెట్టీకి వెళ్ళాను. ఎవరి చేతనో చేయించేశాడు. ఆ చేసినవాడెవడో బ్లేడుతో గీకి, థిన్నరు పోసి తుడిచాడు. జెల్‌కోట్ నిండా తెల్లటి గీతలు. పూర్తిగా పోని జిగురు మీద అప్పుడే పోర్టు దుమ్ము నల్లగా పేరుకుంది. దాని మీద కొత్త నలభై అంటించి ఉంది. ఏటవాలు ఎండ పడుతుంటే ఆ నలభై కింద నుంచి ఇరవై నీడ తెలిసిపోతోంది. పనిని పాడుచేసినందుకు ఒక మంట, మనుషుల ప్రాణాలతో ఆడుతున్నందుకు ఇంకో మంట. లాంచీలో అప్పటికే జనం ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. వెనక అంచుకీ నీళ్ళకీ మధ్య జానెడు కూడా లేదు. ఇంకా ఎక్కుతూనే ఉన్నారు.

ఎక్కడానికి జెట్టీ నుంచి వేసిన చెక్క పలక మీద కాలు పెట్టిన ఆమె పైడమ్మ. యారాడ ఆవిడ. బజారులో మా ఇంటివాళ్ళు ఆమె దగ్గరే చేపలు కొనేవారు.

"ఎక్కకమ్మా," అన్నాను గట్టిగా. "ఇది ఇరవై మంది పడవ. అంకె మార్సీసి మిమ్మల్ని కుక్కుతన్నారు."

ఆమె ఆగింది. "నాకు సదువు రాదు నాయనా. ఏటి రాసుందో సెప్పు."

ఆమె వేలు పట్టుకుని గీతల మీద నడిపించాను. పైన అంటించింది ఏదో, కింద గీకేసింది ఏదో చెప్పాను. సత్యారావు టికెట్ల బల్ల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏటయ్యా, నా యాపారం సెడగొట్టడానికొచ్చావా? పని ఇవ్వలేదని కక్షా?"

"పని నానే వొదిలీసినాను. అందరిముందూ సెప్పు, ఆ ఇరవై ఎందుకు గీకించావు?"

అతను నా మీదకి అరుస్తూనే ఉన్నాడు. పైడమ్మ మా ఇద్దర్నీ పట్టించుకోలేదు. చుక్కాని దగ్గర నిలబడ్డ సరంగు వైపు తిరిగింది.

"ఎర్రయ్యా, ఈ పడవలో నీ పిల్లలుంటే ఎంతమందిని ఎక్కిత్తావ్?"

ఎర్రయ్య ఓనరును చూశాడు. నీళ్ళను చూశాడు. లాంచీలో అందరూ అతన్నే చూస్తున్నారు.

"ఇరవై," అన్నాడు. అందరికీ వినబడేలా మళ్ళీ అన్నాడు, "ఇరవయ్యే అమ్మా."

పైడమ్మ గంప దింపి పలక మీద అడ్డంగా నిలబడింది. "దిగండే," అంది. ముందు ఆమెతో వచ్చిన ఆడవాళ్ళు దిగారు. కూలీల్లో కొందరు డ్యూటీకి లేటవుతుందని గొణిగారు. "లేటయితే మీ మేస్త్రీ తిడతాడు. మునిగితే ఎవుడు తిడతాడురా?" అందామె. వాళ్ళూ దిగారు. ఇరవై మంది మిగిలాకే పలక తీయనిచ్చింది.

సత్యారావు రేపట్నుంచి ఎవరినీ ఎక్కించనన్నాడు గానీ, టికెట్ల డబ్బు వదులుకోలేక లాంచీ ఆపలేదు. మర్నాడు జనం వచ్చారు, తమను తామే లెక్కపెట్టుకుని ఎక్కారు, మిగిలినవాళ్ళు గట్టు మీద కూర్చున్నారు. ఆ మర్నాడూ అంతే. ఎర్రయ్యను పనిలోంచి తీసేస్తే ఇంకెవరు నడిపినా ఆ లాంచీ ఎక్కేది లేదని ఆడవాళ్ళు మొహం మీదే చెప్పారు. అతణ్ణి తీయలేదు. వారం తిరక్కుండా సత్యారావు మనిషి షెడ్డుకొచ్చి, పాత అంకె మళ్ళీ పెట్టాలన్నాడు. సత్యారావు మాత్రం రాలేదు. తప్పయిందన్న మాట అతని నోట నేను ఏనాడూ వినలేదు.

నలభై తేలిగ్గానే ఊడింది. పాత జిగురు నానబెట్టి, గీతల్లో జెల్‌కోట్ నింపి, అరగదీసి, ఈసారి స్టిక్కరు కాకుండా పెయింటుతోనే ఇరవై అని రాశాను. తీయాలంటే పడవ ఒళ్ళంతా గీకాల్సి రావాలని లోపలిదాకా పట్టించాను. పైడమ్మ గంప పక్కన పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"బాగా రాసినానా?" అన్నాను.

"రాసుకో నాయనా. నాను మాత్రం లెక్కెట్టుకునే ఎక్కుతాను," అంది.

అప్పటిదాకా అక్షరాలు తీయడమంటే నాకు జిగురు, కిరసనాయిలు, మెరుగు. అంతే. ఆ లాంచీ తరవాత ఏ పడవ దగ్గరికి పిలిచినా, ఏం తీయమంటున్నారు, ఎందుకు తీయమంటున్నారు అని అడిగి తెలుసుకున్నాకే గుడ్డ తడిపేవాణ్ణి. "నీకెందుకు" అని విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పడవ ఎక్కేవాళ్ళలో మా ఇంటివాళ్ళూ ఉంటారు, అందుకే నాకు కావాలి అని చెప్పేవాణ్ణి. అయినా చెప్పనివాళ్ళ పని ముట్టుకోలేదు.