నేను నిద్రపోయిన సినిమా

మా అత్తకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినప్పటి నుంచి నా నిద్ర ముక్కలు ముక్కలైపోయింది. వీపు పుండ్లు పడకుండా రాత్రిపూట ఆమెను అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాలి, నీళ్లడిగితే పట్టాలి. మా ఆయన పగలంతా మగ్గం మీద లుంగీలు నేసి, పడుకుంటే మళ్లీ తెల్లారితేనే కదిలే మనిషి. నేనూ ఆయన్ని ఎన్నడూ లేపలేదు. అత్త మాట మాత్రం పోలేదు. మొదట్లో కొంచెం ముద్దగా వచ్చినా తర్వాత తేరుకుంది. మా ఇంటికి ఆమె మాటే సందడి.

నాకు ఇద్దరు స్నేహితురాళ్లు. ఒకామె మా ఊరు గుడియాత్తంలోనే నాతో కలిసి చదువుకున్నది, మాలాగే నేతపని ఇంటి పిల్ల, ఇప్పుడు అగ్గిపెట్టెల కంపెనీకి పోతోంది. రెండో ఆమె తిరునల్వేలి నుంచి మా వీధికి కోడలుగా వచ్చిన తమిళావిడ, ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. మా తెలుగు ఆమెకు సగం అర్థమవుతుంది, మిగతా సగం ఊహించుకుంటుంది.

ఒక సాయంత్రం చిన్ననాటి స్నేహితురాలు గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"వేలూరులో ఒక హోటల్లో డెజర్ట్ బఫే పెట్టినారంట మే. అంతా తీపే. ఒకే రేటు, ఎంతైనా తినొచ్చు. తిని, సినిమా చూసుకోని వచ్చేస్తాం. ఆదివారం పోతాండాం, నువ్వూ వస్తాండావు."

"అత్తను యాడ పెట్టి వచ్చేది?" అన్నాను.

మంచం మీద నుంచి అత్త అందుకుంది. "నన్ను యాడో పెట్టేదానికి నేనేమన్నా నగల పెట్టెనా? ఈడనే ఉంటా. నా కొడుకు లేడా? పోయి రామ్మా."

మగ్గం చప్పుడు ఆగింది. "పోయి రా. నేను చూసుకుంటా," అన్నాడు మా ఆయన. మాత్రలు ఏవి ఎప్పుడు వెయ్యాలో, గంజి ఎంత పలుచగా ఉండాలో, ఎట్లా తిప్పాలో చెప్పాను. అన్నింటికీ తలూపాడు. ఆ తలూపడం చూస్తేనే నాకు భయమేసింది.

ఆదివారం పొద్దున బస్సు ఎక్కాం. కే.వి.కుప్పం దాటేలోపలే ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి తీయబోతే చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ లాక్కుని తన సంచిలో వేసుకుంది. ఈ కొన్నేళ్లలో నేను వేలూరుకు వచ్చిందంతా అత్త ఆసుపత్రి కోసమే. ఆ అలవాటు ఎంతగా పట్టుకుందంటే, ఆసుపత్రి స్టాపు రాగానే నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"కూచో మే. ఈ పొద్దు ఈడ కాదు," అని చెయ్యి పట్టి లాగింది.

హోటల్లో పొడుగాటి బల్లల మీద అన్నీ తీపి పదార్థాలే. గులాబ్ జామూన్, రసమలై, బ్రెడ్ హల్వా, ఆర్కాటు మక్కన్ పేడా, గాజు గిన్నెల్లో వణికే పుడ్డింగ్, పై నుంచి కిందికి కారే చాక్లెట్. నేను ఒకే ఒక జామూన్ వేసుకుని వచ్చి కూర్చుంటే, తమిళావిడ నా పళ్లెం చూసి తల కొట్టుకుంది. "ఎన్నక్కా ఇదు!" అని తనే తీసుకుపోయి నింపుకొచ్చింది. బ్రెడ్ హల్వా వెచ్చగా, నెయ్యి కారుతూ ఉంది. నేను కలియబెట్టనిది, నేను వడ్డించనిది, చల్లారకముందే కూర్చుని తిన్నాను. ఎవరూ పిలవలేదు. రెండో పళ్లేనికి నా అంతట నేనే లేచాను.

మూడో పళ్లెం దగ్గర ముగ్గురికీ మొహం మొత్తింది. బయటికి రాగానే వీధి చివర బండి మీద మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, కళ్లలో నీళ్లు తిరిగేలా తిన్నాం. అప్పుడు గానీ నోరు బాగుపడలేదు.

ఆ తర్వాత సినిమా. తెలుగు సినిమా. హాల్లో చల్లగా ఉంది, సీటు మెత్తగా ఉంది. తెర మీద ఒక లారీ వంతెన దాటుతోంది. నాకు గుర్తున్న సినిమా అంతే.

కళ్లు తెరిచేసరికి లైట్లు వెలిగి ఉన్నాయి, జనం మెట్లు దిగుతున్నారు. నా తల తమిళావిడ భుజం మీద ఉంది. ఆమె చీర భుజం దగ్గర నా చొంగతో తడిసింది. ఆమె చేయి తిమ్మిరెక్కి ఎత్తలేకపోతోంది.

"నన్ను లేపకూడదా?" అన్నాను, సిగ్గుతో చచ్చిపోయి.

"ఎందుకు లేపేది? ఇంటర్వెల్లో గూడా కదల్లేదు నువ్వు. పాప్‌కార్న్ మేమే తినేసినాం," అంది చిన్ననాటి స్నేహితురాలు. తర్వాత మెల్లగా అంది, "నీ మొహం ఇంత నెమ్మదిగా ఉండగా చూసి ఎన్నాళ్లాయె మే."

తమిళావిడ చేయి విదిలించుకుంటూ నవ్వింది. ఇంటర్వెల్లో బయటికి పోదామనుకుని కూడా, నేను మేలుకుంటానని అట్లాగే కూర్చుందట. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

తిరుగు బస్సులో ఇద్దరూ నాకు కథ చెప్పారు. లారీ నడిపే తమ్ముడు, ఇల్లు విడిచిపోయిన అన్న, అన్న భార్య. చివర్లో ఆమె మొగుణ్ణి క్షమించిందని ఒకరు, లేదని ఒకరు. వాదన మధ్యలో తమిళావిడ విసుక్కుంది.

"అవ పేరు వదినా దానే? ఆ వదినా తలుపు తియ్యలేదు గదా!"

సినిమాలో తమ్ముడు వదినా అని వరస పెట్టి పిలుస్తుంటే అది ఆమె పేరనుకుంది. చిన్ననాటి స్నేహితురాలు బస్సు కమ్మీ పట్టుకుని వంగిపోయి నవ్వింది. ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి, ఆయనా నవ్వాడు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. అత్త ఒంటిమీద రవిక తిరగేసి తొడిగి ఉంది. గంజిలో ఉప్పు ఎక్కువైందని నాకు చెప్పి, కొడుకు మొహం చూసి నవ్వింది. అత్తకని వేలూరులో కొన్న మక్కన్ పేడా పొట్లం విప్పి చిన్న ముక్క నోట్లో పెట్టాను. సినిమా కథ అడిగింది. నిద్రపోయానని చెప్పి, విన్న కథంతా, వదినా అనే పేరుతో సహా చెప్పాను.

మా ఆయన నడుము పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"అమ్మను తిప్పి తిప్పి నా నడుము పట్టేసింది. నువ్వు రాత్రికి ఎన్నిమాట్లు లేస్తాండావు?"

"లెక్క యాడ పెట్టినా?" అన్నాను.

ఆయన ఆ రాత్రి తన చాప తీసుకొచ్చి అత్త మంచం పక్కన వేసుకున్నాడు. ఇప్పుడు సగం రాత్రి ఆయనది, సగం నాది. కొన్నిసార్లు పిలుపు వినపడక పడుకునే ఉంటాడు. అప్పుడు అత్త, "ఒరే నాయనా, నీ వంతురా!" అని అరుస్తుంది, ఇల్లంతా లేస్తుంది. అయినా మా ఇంట్లో మగ్గం ఇప్పుడు కొంచెం ఆలస్యంగా మొదలవుతోంది, నేను వెలుతురు వచ్చాకే లేస్తున్నాను.