కాలువ ఎండినప్పుడు మారే అధ్యక్షులు

మా రోడ్డు భద్రతా కమిటీలో సభ్యులు ముసలివాళ్ళవుతుంటారు, అధ్యక్షులు మాత్రం ఎప్పుడూ కొత్తవాళ్ళే. అధ్యక్ష స్థానం ప్రభుత్వాధికారిది. ఆయనకు బదిలీ అయితే కుర్చీ ఆయన వెంట పోదు, తరవాత వచ్చేవారి కోసం అక్కడే ఉంటుంది. సభ్యులమైన మాకు బదిలీలు లేవు. రేపల్లెలోనే బండి నడుపుతాం, ఆ బండి కాలవలో పడకుండా ఉంటే చాలనుకుంటాం.

నాకు రేపల్లెలో డ్రైవింగ్ స్కూలు ఉంది. ఒకటే కారు. దానికి రెండు బ్రేకులు, ఒకటి నేర్చుకునేవాళ్ళ కోసం, ఒకటి నా ప్రాణం కోసం. నడిరోడ్డు మీద కారు తోలుకొస్తున్న గేదెను ఆపి లైసెన్సు అడిగాననీ, ఆ సంగతి తెనాలి దాకా పాకి నన్ను కమిటీలో వేశారనీ చెబుతుంటాను. అసలు జరిగింది వేరు. ప్రజల తరఫున ఒకర్ని వేయాలని ఆఫీసులో అనుకుంటున్న పూట నేనేదో పనిమీద వెళ్ళి వరండాలో నిలబడి ఉన్నాను. అంతే.

అప్పట్లో మీటింగులు తెనాలిలో జరిగేవి. నేను చూసిన మొదటి అధ్యక్షుడికి హెల్మెట్ల పట్టుదల. ఆయన హయాంలో తెనాలి పెళ్ళికొడుకులు బాసికం హెల్మెట్ మీదే కట్టుకున్నారు. తరవాత వచ్చినాయనకు స్పీడ్ బ్రేకర్లంటే ప్రాణం. తెనాలిలో పాల క్యాను కట్టుకుని బయల్దేరిన మోపెడ్ వేమూరు చేరేసరికి క్యానులో వెన్న తేలింది. ఆ పాలాయన ఇక పాలు మానేసి నెయ్యి వ్యాపారంలోకి దిగాడు. మూడో ఆయన డ్రైవర్లందరికీ కంటి పరీక్షలు పెట్టించాడు. మా ఊరి ఆటో డ్రైవర్ ఒకడు గోడ మీది అక్షరాలన్నీ చదివేసి, ఆ గోడకు వేసిన సున్నం ఏ కొట్లో కొన్నారో కూడా చెప్పాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి చెబుతాను గాని, వాళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఇప్పుడు తలుచుకుంటే, ప్రతి అధ్యక్షుడూ తనకు బాగా తెలిసిన ప్రమాదం ఒకదాన్ని వెంట తెచ్చుకున్నాడనిపిస్తుంది. హెల్మెట్లాయన తమ్ముడు తలకు దెబ్బ తగిలే పోయాడట. ఆయన వెళ్ళిపోయిన చాన్నాళ్ళకు ఎవరో చెప్పారు. అప్పట్నుంచి బాసికం కథ చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గుతుంది. మా దగ్గరున్న ప్రమాదం ఆయనకు తెలియలేదు, ఆయన దగ్గరున్నది మాకు తెలియలేదు.

మా దగ్గరున్న ప్రమాదం కాలవ మలుపు. తెనాలి నుంచి రేపల్లె వచ్చే దారిలో ఒక చోట, కాలవ గట్టు మీద రోడ్డు మోచెయ్యిలా వంగుతుంది. పక్కన గోడ లేదు, రెయిలింగు లేదు, సున్నం పూసిన నాలుగు రాళ్ళున్నాయి. ఒకసారి మినుము తీతకు వెళ్ళి వస్తున్న ఆడవాళ్ళ ఆటో అక్కడ జారి కాలవలో పడింది. అప్పటికి నీళ్ళు తగ్గిపోయి మోకాళ్ళ లోతే ఉన్నాయి కాబట్టి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అందరూ పైకొచ్చారు. వాళ్ళలో సగం మంది మా టీచర్ గారి దగ్గర చదువుకున్నవాళ్ళు.

టీచర్ గారంటే మిషన్ బడిలో నాకు మూడో తరగతి చెప్పిన మనిషి. రిటైరయ్యారు. నాతోపాటే కమిటీలో చేరారు. నాకు యాభై దాటినా ఆవిడకి నేను ఇంకా ఎక్కాలు అప్పజెప్పాల్సిన వాణ్ణే. ఆటో పడ్డ రోజు నుంచీ ఆవిడకి ఒకటే కోరిక. ఆ మలుపులో గోడ లేవాలి. కాలవ నిండుగా పారే రోజుల్లో ఇంకో ఆటో జారితే చెయ్యి పట్టుకుని పైకొచ్చేవాళ్ళు ఉండరు. ప్రతి మీటింగులోనూ లేచి ఇదే చెప్పేవారు. రోడ్డు ఇంజనీరు ఆ గట్టు కాలవ వాళ్ళదనేవాడు. కాలవ ఇంజనీరు దానిమీద రోడ్డుంది కాబట్టి రోడ్డు వాళ్ళదనేవాడు. ఇద్దరూ ఒకే కారులో వచ్చి, ఒకే ప్లేటులో బజ్జీలు తిని, ఒకే కారులో వెళ్ళేవాళ్ళు.

ఆవిడ మాట అధ్యక్షులకు ఎందుకు ఎక్కలేదంటే, దానికో కారణముంది. అది పట్టుకోవడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. మాకు వేసవిలో నీళ్ళు ఆపి కాలవ కట్టేస్తారు. బదిలీలూ వేసవిలోనే. కొత్తగా వచ్చినాయన్ని ముందుగా మలుపు దగ్గరికి తీసుకెళ్ళడం మా ఆనవాయితీ. ఆయనొస్తున్నాడని ముందురోజే రాళ్ళకు సున్నం కొడతారు, రోడ్డు మీద ఎండుగడ్డి ఎత్తేస్తారు. ఆయన దిగి చూస్తే కాలవలో చుక్క నీరుండదు. గేదెలు పడుకుని ఉంటాయి, పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఇందులో ప్రమాదం ఏముందండీ అని ఆయన మర్యాదగానే అడిగేవాడు. నీళ్ళొచ్చాక ఏ వర్షంలోనో అటు వెళ్ళి ఉలిక్కిపడేవాడు. కాని నీళ్ళుండగా అక్కడ పునాది తీయలేరు. కాలవ కట్టేదాకా ఆగాలి. కాలవ కట్టేసరికి ఆయన బదిలీ కాగితం వచ్చేది. భయపడ్డవాడు వెళ్ళిపోయి, ఎండిన కాలవ చూసేవాడు వచ్చేవాడు.

మధ్యలో జిల్లాలు విడిపోయాయి. తెనాలి ఒక జిల్లాలో ఉండిపోయింది, మేమూ, మా మలుపూ బాపట్ల వైపు వచ్చాం. కమిటీ కూడా రెండు ముక్కలైంది. తెనాలి సభ్యుల్ని నేను చుట్టాలింటి వాళ్ళని తలుచుకున్నట్టు తలుచుకుంటుంటాను. టీచర్ గారు మాత్రం బాపట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, అధ్యక్షుడు ఎక్కడుంటే మలుపు అక్కడికొస్తుంది అన్నారు.

బాపట్లలో మొదట వచ్చినాయన నెమ్మదస్తుడు. ఒక వానాకాలం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా మలుపు దగ్గర కారాపుకుని, గొడుగు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడట. మరుసటి మీటింగులో టీచర్ గారు లేవకముందే ఆయనే గోడ మాటెత్తాడు. కాలవ కట్టగానే మొదలుపెడదామన్నాడు. వేసవి వచ్చింది, కాలవ కట్టారు, ఆయనకు బదిలీ అయింది. వారంలో కొత్తావిడ చేరుతుందన్నారు.

ఆ కబురు తెలిసిన పొద్దున టీచర్ గారు మా డ్రైవింగ్ స్కూలుకు వచ్చి, నేర్చుకునేవాళ్ళ బెంచీ మీద కూర్చున్నారు.

"ఏరా, నువ్వు ఎన్ని అబద్ధాలు చెప్పావు ఈ ఊళ్ళో?"

"అబద్ధాలు కాదండి, కథలు."

"ఏదైతే ఏం. ఒకటి నా కోసం చెప్పు. ఈయన వెళ్ళేలోపు, ఆవిడ చార్జి తీసుకుని సంతకం పెట్టేలోపు ఇద్దర్నీ ఒక్కసారి ఆ కాలవలో నిలబెట్టాలి."

"కాలవ దగ్గరా, కాలవలోనా?"

"లోనే. పైనుంచి చూస్తే అది గుంటే కదరా. అందరూ పైనుంచే చూసిపోయారు."

వెళ్ళిపోయే ఆయనకు రేపల్లె సభ్యులం ఒక కల్యాణ మండపంలో వీడ్కోలు సభ పెట్టాలనుకున్నాం. తెనాలిలో రైలు దిగి వచ్చే కొత్తావిడ కూడా అక్కడికే వస్తానంది. నేను ఆఫీసుకు ఫోను చేసి, మండపంలో తేనెపట్టు పట్టింది, ఈగలు రేగాయి, సభ కాలవ దగ్గర పెడుతున్నాం, ఆవిడకి ఎలాగూ అదే దారి కదా అని చెప్పాను. తేనెపట్టు అబద్ధం కాదు. అది మండపంలో కాదు, పక్క వీధిలో ఉంది. దూరం సంగతి వాళ్ళు అడగలేదు.

ఎండిన కాలవ అడుగున షామియానా వేయించాం. బీటలు తీసిన మట్టి మీద తివాచీ, దాని మీద కుర్చీలు, బల్ల మీద శాలువా, కొల్లూరు లంక అరటిపళ్ళ బుట్ట, మజ్జిగ గ్లాసులు. బ్యానర్ ఎక్కడ కట్టాలని కుర్రాళ్ళు అడిగితే, గట్టు మీద ఎండి అంటుకున్న నాచు గీతను టీచర్ గారు వేలితో చూపించారు. అక్కణ్ణుంచి అవతలి గట్టు మీది నాచు గీత దాకా కట్టించారు. మా తలల మీద మనిషెత్తు పైన వేలాడింది. ఆ రోజు ఎవర్నీ రాళ్ళకు సున్నం కొట్టనివ్వలేదు.

ఇంజనీర్లిద్దరూ మెట్లు లేని గట్టు ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగారు. వెళ్ళిపోయే ఆయన కిందికి రాగానే తల పైకెత్తి చూసి, చెప్పకుండానే అర్థం చేసుకున్నాడు. కొత్తావిడ వయసులో చిన్నది, చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది. టీచర్ గారు చిన్న ప్రార్థన చేశారు. నేను శాలువా విప్పుతుండగా పైన బస్సు మలుపు తిరిగింది. కింద కూర్చుని చూస్తే ఆ బస్సు మా మీదకే వస్తున్నట్టుంది. వెనక చక్రం అంచు మీద దొర్లింది, కంకర జారి అరటిపళ్ళ బుట్టలో పడింది. ఒక రాయి రోడ్డు ఇంజనీరు మజ్జిగ గ్లాసులోకే వచ్చి పడింది. ఆయన గ్లాసు కింద పెట్టి మళ్ళీ ముట్టుకోలేదు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు, అడిగితే కాలవ ఇంజనీరు కూడా చెబుతాడు.

కొత్తావిడ చీర మీది దుమ్ము దులుపుకుని పైకి చూసింది.

"బ్యానర్ అంత పైన కట్టారేంటండీ? ఫొటోలో పడదు కదా."

"నీళ్ళు అక్కడిదాకా వస్తాయమ్మా," అన్నారు టీచర్ గారు. "మనం ఇప్పుడు అడుగున కూర్చున్నాం."

కుర్చీల్లో కూర్చున్న వాళ్ళం అందరం ఒక్కసారి తల పైకెత్తి ఆ గుడ్డను చూశాం. ఎండిన నేల మీద కూర్చుని మునిగిపోవడం అంటే ఏంటో ఆ పూట తెలిసింది.

వెళ్ళిపోయే ఆయన శాలువా కప్పించుకోకుండానే చెప్పాడు. "మేడం, నాకు నీళ్ళున్నప్పుడు తెలిసింది, చేయడానికి వీల్లేని రోజుల్లో. మీకు నీళ్ళు లేనప్పుడే తెలియాలి. నేనింకా చార్జి ఇవ్వలేదు. గోడకు ఆర్డరు ఇవాళ నేనిస్తాను. దాన్ని ఆపకుండా చూడటం మీ వంతు."

ఆవిడ ఇంజనీర్ల వైపు తిరిగింది. గట్టు ఎవరిదని అడగలేదు. నీళ్ళెప్పుడు వదులుతారని మాత్రం అడిగింది. కాలవ ఇంజనీరు చెప్పాడు. అయితే ఆలోపే కట్టండి అంది.

కట్టారు. చివర్లో నాలుగు గజాలు మిగిలుండగా నీళ్ళు వచ్చేశాయి. అక్కడ ఇసుక నింపిన డ్రమ్ములు నిలబెట్టారు. గోడ లేచినన్నాళ్ళూ టీచర్ గారు గొడుగేసుకుని వచ్చి చూసి వెళ్ళేవారు. మేస్త్రీ ఆవిణ్ణి పెద్ద ఇంజనీరనుకుని ప్రతి వరసా చూపించాక గాని పైవరస పేర్చేవాడు కాదు.

కాలవ నిండుగా పారుతున్న రోజుల్లో, ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం టీచర్ గారి నుంచి ఫోనొచ్చింది. వెళ్ళేసరికి మలుపులో గోడ పక్కన నిలబడి ఉన్నారు. కొత్త సిమెంటు మీద పొడుగ్గా పసుపు రంగు గీత. నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళ ఆటో ఆ పొద్దున అక్కడ పక్కకు జారిందట. గోడ అవతల నీళ్ళు నాచు గీత దాకా ఉన్నాయి. ఆ లోతులో ఎక్కడో మేం కుర్చీలు వేసుకున్న చోటుంది.

టీచర్ గారు పసుపు గీత మీద అరచెయ్యి పెట్టి ఉంచారు.

"దీన్ని ఎలా చెబుతావురా ఊళ్ళో?"

ఆటోను ఎగిరించి అవతలి గట్టు మీద దింపొచ్చు, గోడ దానంతటదే జరిగి అడ్డం నిలబడిందనొచ్చు. ఏదీ నోటికి రాలేదు. "ఆటో గోడకు రాసుకుని ఆగింది. అందరూ నాట్లకు వెళ్ళారు," అన్నాను.

"అంతేనా?"

"అంతేనండి."

ఆవిడ గోడ వెంట చివరిదాకా నడిచి డ్రమ్ముల దగ్గర ఆగారు. ఒకదాన్ని చేత్తో నెట్టి చూశారు. కదిలింది.

"ఈ నాలుగు గజాల మాట వచ్చే మీటింగులో నేనెత్తుతాను. నువ్వు మాత్రం నోరెత్తకు," అన్నారు.