ఉలిగమ్మ ఏరిన చేను

పెనుకొండ కొండ కింద మా పల్లెకు కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ మా పక్కింటి ఉలిగమ్మ ఒకటే మాట పడింది: సోంబేరి. ప్రతి వేసవీ, శనక్కాయ విత్తేముందు, చేలో రాళ్ళన్నీ తట్టకెత్తి గట్టవతల పోసేది. నాలుగు వానలు పడేసరికి చేనంతా మళ్ళీ రాళ్ళే.

"ఏరినానంటావు. ఇవి యాడి నుంచి వచ్చినాయే? మొలిచినాయా?" అని అత్త నాగమ్మ వీధంతా వినేలా అరిచేది. మొగుడు గోవిందప్ప గోడవంక చూసేవాడు. ఆ ఇంట్లో పలికే నోరు ఒక్కటే.

డెబ్బై ఎనిమిదిలో, వానలు అయిపోయాక, అనంతపురం కాలేజీ నుంచి కమలాక్షి అనే పిల్ల వచ్చింది. నేల మీద రాళ్ళు ఎట్లా పరుచుకుంటాయో కనిపెట్టాలట. రాళ్ళు చూడడానికీ చదువుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ పిల్ల ఉలిగమ్మ చేలో రెండు తునకలు కొలిచి, ఒకదాంట్లో రాళ్ళు ఏరించింది, రెండోదాన్ని ఉన్నదున్నట్టు వదిలింది. రెంటిలోనూ ఇనుప మేకులు దిగగొట్టి, మట్టి ఎంతవరకుందో అక్కడ రంగు గీత పెట్టింది.

"మేడం, రాయి కింద నుంచి లేస్తాదా, నేనే సరిగా ఏరలేదా? అది తేలితే నాకు చాలు" అంది ఉలిగమ్మ.

"అదే చూద్దామక్కా. ఎవరూ ముట్టకుండా చూసుకో."

మరుసటేడు వానలకు ముందు కమలాక్షి వాళ్ళ పెద్దసారు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ పొద్దు ఉలిగమ్మ ధర్మవరం సంతకు పోయింది. నాగమ్మకు చేతులు ఊరుకోలేదు. చుట్టాలొస్తే వాకిలి చేసినట్టు, వదిలిపెట్టిన తునకలో రాళ్ళన్నీ ఏరి, పొరకతో ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు కూడా వేసింది!

కమలాక్షి చూసి అక్కడే కూలబడింది. "ఏమవ్వా, ఇట్లా చేసినావు?"

"పెద్దసారు వస్తే మా పరువేం కావాల? ఒక్క రాయి చూపించు ఈడ! ఏరేదంటే ఇట్లా ఏరాల, మా కోడలి మాదిరి కాదు."

సారు నవ్వాపుకుని, మేకులున్నాయి కదా, ఈ వానలు చూద్దామన్నాడు.

వానలు తెరిపిచ్చాక అందరం పోయాం. ముగ్గేసిన చోటంతా రాళ్ళు! మేకుల మీద గీత కింద చిటికెనవేలి మందాన ఇనుము బయటపడి ఉంది.

"రాయి లేయలేదక్కా" అంది కమలాక్షి. "మట్టి వానకు కొట్టుకపోయింది, దాగుండే రాయి బయటపడింది. నువ్వు సరిగానే ఏరినావు."

ఉలిగమ్మ అత్తవైపు తిరిగింది. "ఏమత్తా, ఇది నువ్వు ఏరినదే కదా? మరి సోంబేరి ఎవరు?"

నాగమ్మ తప్పయిందనే మనిషి కాదు. అనుంటే నేనే నమ్మేదాన్ని కాదు. కొంగు నడుముకు దోపి, వంగి రాళ్ళెత్తసాగింది.

"అవతల పారేసేది ఏల? వాలుకు అడ్డంగా పేరుద్దాం, మట్టన్నా నిలుస్తాది. తట్ట పట్టవే, నాకు నడుము పట్టుకుంటాండాది."

"నాకెప్పుడో పట్టుకునింది లే" అని ఉలిగమ్మ తట్ట అందుకుంది.