పసుపు గుడ్డలో బిళ్ల

మా అవ్వ దేవుడికి ఏదో మాటిచ్చి, తీర్చకుండానే పోయిందన్న సంగతి ఆమె పోయిన ఆరేళ్లకు ఒక శుక్రవారం పొద్దున బయటపడింది. ఇంటికి రంగులేయించాలని దేవుడి గూడు ఖాళీ చేస్తుంటే, పటాల వెనక రేకు డబ్బాలో పసుప్పచ్చని గుడ్డ ముడి ఒకటి దొరికింది. విప్పితే రూపాయంత బిళ్ల. అంచు దగ్గర చిన్న చిల్లు. రెండు వైపులా అరిగిపోయి మా నాయన నెత్తిలా నున్నగా ఉంది.

మా వైపు దేవుడి గూట్లో పసుపు గుడ్డలో కట్టిన బిళ్ల కనిపిస్తే అది ముడుపు. ఇక చర్చ ఉండదు. కష్టమొచ్చినప్పుడు ఫలానాది చేస్తాం స్వామీ అని మొక్కుకుని, గుర్తుకు ఒక నాణెం ముడేసి పెట్టుకుంటారు. కష్టం తీరాక మొక్కు చెల్లించి ఆ ముడుపును హుండీలో వేస్తారు. అవ్వ ముడి మాత్రం వేసింది. ఏ దేవుడికో, ఏం చేస్తానందో చెప్పలేదు.

అమ్మ గోడకానుకుని కూర్చుండిపోయింది.

"ఈ మొక్కు తీరకనే నా కండ్లు మసకలైనాయి."

"నీకు శుక్లాలమ్మా. డాక్టరు రాసిచ్చినాడు గదా."

"మా అత్త మొక్కు సంగతి డాక్టరుకేం తెలుసు?"

నిజమే. ఆ చీటీలో దానికి చోటు లేదు.

సోమవారం తిరుపతిలో ఆపరేషను. కుడికంట్లో శుక్లం బాగా ముదిరింది, ఇంకా జాగు చేస్తే కష్టమని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ముందు వారమే అమ్మ పట్టకారును గిన్నెకు కాకుండా గాలికి వేసి, వేడి పాలు చేతిమీద పోసుకుంది. ఇప్పుడేమో మొక్కు తేలేదాకా కన్ను ముట్టనివ్వనని కూర్చుంది.

"కొండకు పోయి హుండీలో ఏసేస్తే సరిపాయె," అన్నాడు నాయన.

"కొండ స్వామిదని ఎవురు చెప్పినారు నీకు? కాణిపాకం వినాయకుడిదైతే? ఒగరిది తీసకపోయి ఇంగొకరికి ఏస్తే ఇద్దురికీ కోపమొస్తాది."

అలా ఆ బిళ్ల ఏ దేవుడిదో కనిపెట్టడం ఇంట్లో అందరి పనైంది. వెలుతురుకు వాల్చి చూస్తే ఒక పక్క ఏదో వంకర గీత ఉంది. అమ్మ నామం అంది. నాయన తొండం అన్నాడు. ఒకరికి శుక్లాలు, ఇంకొకరికి కళ్లద్దాలు ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. నాకది ఆరంకెలా కనిపించింది గానీ నా సాక్ష్యం ఎవరూ అడగలేదు.

"మనవరాలు పుడితే తలనీలాలిస్తానని మొక్కుకునిందేమో," అని అమ్మ నా జడకేసి చూసింది.

"మొక్కేది ఆమె, గుండు నాకా?"

అంతవరకు నాకిది కాలక్షేపం. ఆ మాటతో బిళ్లను రుమాల్లో చుట్టుకుని చిత్తూరు బజారులో నగలు చేసే ఆచారి దగ్గరికి పోయాను.

ఆచారి గీటురాయి మీద ఒక్క గీత గీసి తిరిగిచ్చాడు. "ఇత్తడి పాపా. సర్కారు నాణెం గాదు, ఎవురో సొంతానికి కొట్టించుకునింది. చిల్లు చూడు, దారానికి గుచ్చేదానికి. మీ అవ్వ యాడ పని చేస్తా ఉండె?"

బంగారుపాళ్యం దగ్గర మామిడి తోటలో. ఆదివారం ముగ్గురం బస్సెక్కాం. అవ్వతో కలిసి ఆ తోటలో గంపలు మోసిన ముసలామె ఇంకా తోట పక్క పల్లెలోనే ఉంది. వసారాలో చెనిక్కాయలు ఒలుస్తోంది. బిళ్ల చేతిలో పెడితే కళ్లతో చూడనే లేదు, బొటనవేలితో తడిమి చిల్లు వెతికింది.

"ఇది మా గంపబిళ్ల గదమ్మే. మీకు యాడ దొరికినాది?"

పండ్ల గంప లారీ దాకా మోస్తే మేస్త్రి ఒక బిళ్ల ఇచ్చేవాడట. వారానికోసారి, సంతనాడు, బిళ్లలన్నీ అప్పజెప్పి కూలి తీసుకునేవాళ్లట. ఆ ఆరంకె మా అవ్వ ముఠాది. నా సాక్ష్యం నెగ్గింది, ఎవరూ గమనించలేదు.

"పసుపు గుడ్డలో ముడేసినాది పిన్నమ్మా," అమ్మ గుడ్డ చూపించింది.

ముసలామె దాన్ని వేళ్లతో నలిపి నవ్వింది. "యాడి పసుపు? మామిడి రసం. గంప కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ ఇది. ఎన్ని తూర్లు ఉతికినా పోయేది కాదు."

"మరి దేవుడి గూట్లో ఎందుకు పెట్టినాది?"

"ఇంగ యాడ పెట్టమంటావు? బిళ్లలు కనపడితే మీ మామ ఎత్తకపోయి మార్చుకోని, సారాయంగట్లో కూసుంటా ఉండె. ఇల్లంతా ఎతుకుతాడు గానీ దేముడి గూట్లో చెయ్యి పెట్టడు. భయం. ఇదొగటి మరిసిపోయుంటాది పాపం."

నాయన చెనిక్కాయ ఒకటి తీసుకుని చాలాసేపు ఒలిచాడు.

"అంటే మా అత్త ఏం మొక్కుకోలేదా?" అమ్మ గొంతు సన్నగా వచ్చింది.

"మీ అత్తా? తెల్లారితే తోట, పొద్దుగూకితే పొయ్యి. మొక్కుకునేదానికి తీరికుండొద్దా?"

అమ్మ శుక్రవారం బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. కొంగుతో మొహమంతా తుడుచుకుంది. నేను ఫోను చూసుకుంటున్నట్టు గోడవైపు తిరిగాను. ఆ మూడు రోజులూ నేను వేసిన జోకులన్నీ ఆ కన్ను పోతుందేమోనన్న భయంతో వేసినవే. వాటిలో ఒక్కటీ సరిగా పేలలేదు.

హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డాం. అమ్మ ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఇంకో చెయ్యి ఎండకు అడ్డం పెట్టుకుంది.

"రేపు ఆస్పత్రికి ఖాళీ కడుపుతో రమ్మన్నారా?"

"లేదు. రెండు ఇడ్లీలు తినొచ్చన్నారు."

"అయితే దిగంగానే అంగట్లో పిండి తీసుకో," అంది అమ్మ. "నేనే ఏసుకోని తినేసి వస్తా."