గంజి పెట్టిన చొక్కా

గంజి వాసన వచ్చింది. పోయిన వారం సంతబొమ్మాళి దగ్గర ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి తాతగారిని ఫోటోకని పందిరి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కాలరు సరిచేద్దామని వంగాను. తెల్లచొక్కా, ఇస్త్రీ వేడి ఇంకా ఆరలేదు. అన్నం వార్చిన గంజి పెట్టి ఆరేసిన బట్టకి ఉండే వాసన అది. సముద్రం మీది గాలి దాన్ని సూటిగా నా మొహాన కొట్టింది. నా చెయ్యి కాలరు దగ్గరే ఆగిపోయింది. "ఏటమ్మా, బాగునేదా?" అన్నాడు ముసలాయన. "బాగుంది తాతా" అన్నాను గాని, కాసేపు కెమెరా ఎత్తలేకపోయాను. నా మటుకు ఆ వాసన జీవరత్నం మేస్టారిది. ఆయన పోయి మూడేళ్ళవుతోంది.

మేస్టారంటే ఏ బడిలోనూ పాఠాలు చెప్పిన మనిషి కాదు. టెక్కలిలో వాళ్ళ బాప్టిస్టు చర్చిలో ఆదివారాలు పిల్లలకి బైబిలు కథలు చెప్పేవారు, అంతే. ఆ పిల్లలు పెద్దవాళ్ళై మేస్టారూ అని పిలుస్తుంటే ఊరు కూడా అలాగే పిలిచింది. బతుకుతెరువు మాత్రం పెళ్ళి ఫోటోలు. సందులో ఒక గది స్టూడియో, ఒక పాత మోపెడ్డు, మెడలో కెమెరా, భుజం మీద తువ్వాలు. ఆ తువ్వాలు చెమటకి కాదు, మా ఉద్దానం సముద్రతీరపు ఇసక లెన్సు మీద పడకుండా కప్పడానికి. పొట్టి మనిషి. ఎవరు కనబడినా బావా, మావా అని వరస కలిపేసేవారు. చర్చి మనిషే అయినా ఆయన తీసినవి ఎక్కువగా హిందువుల పెళ్ళిళ్ళే. మంత్రం ఎక్కడ ఆగుతుందో, మేళం ఎక్కడ ఊపందుకుంటుందో ఆయనకి పురోహితుడికంటే ముందే తెలిసేది.

నా పేరు లలిత, నాది నందిగాం. మా అమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్ళేది. నేను విశాఖపట్నంలో ఫోటోగ్రఫీ నేర్చుకుని వచ్చి పలాసలోనే స్టూడియో పెట్టాను. ఆడపిల్ల పెళ్ళి ఫోటోలు తీయడమేమిటని మొహం చిట్లించినవాళ్ళే, పెళ్ళికూతురి గదిలోకి నేనైతే మొహమాటం ఉండదని పిలవడం మొదలుపెట్టారు. దాంతో నాకు నేల మీద కాలు ఆనలేదు. ఎక్కడెక్కడో కోటల్లో, సరస్సుల పక్కన తీసిన పెళ్ళి ఫోటోలు ఫోనులో వందలకొద్దీ దాచుకునేదాన్ని. వాటిని తెచ్చి కొబ్బరితోటల్లో దించేస్తే అదే గొప్ప కళ అనుకున్నాను.

మేస్టారిని మొదటిసారి చూసింది వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్ళో. మా వైపు ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ ఎవరి ఫోటోగ్రాఫరుని వాళ్ళు తెచ్చుకుంటారు. మగపెళ్ళివారు నన్ను పిలిచారు, ఆడపెళ్ళివారు ఆయన్ని. పొద్దుటి ముహూర్తం. డ్రోను ఎగరేసి సముద్రం దాకా తీశాను, ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. ఆయన పాత కెమెరా చూసి జాలిపడ్డాను కూడా. పీటల దగ్గరికి వచ్చేసరికి పందిరి అంచున ఒక మనిషి నాకు అడ్డమొచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు, మొహం ఉబ్బి ఉంది, చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. ఎటు తీసినా ఆయన పడుతున్నాడు. "పెద్దాయనా, కాస్త అవతలికి జరుగుతారా, ఫోటోలో పడుతున్నారు" అన్నాను. ఆయన లేచి, కుర్చీ తనే ఈడ్చుకుంటూ పెరట్లో జీడిచెట్టు కిందికి వెళ్ళిపోయాడు. కన్యాదానం చేస్తున్న దంపతుల్నే నేను తల్లిదండ్రులనుకుని తీరిగ్గా తీసుకున్నాను.

భోజనాల దగ్గర మేస్టారు వచ్చి నా పక్క ఆకు ముందు కూర్చున్నారు.

"ఏటమ్మా, ఆ కుర్చీ మనిసిని లేపేసినావు. ఆయనెవులో తెలుసా?"

"తెలీదండీ."

"పెళ్ళికూతురు తండ్రి. నిన్న సాయంత్రమే డయాలసిస్ సేయించుకుని ఒచ్చినాడు. పీటల మీద అంతసేపు కూకోనేడని తమ్ముడూ మరదలూ సేత్తన్నారు."

నేను జీడిచెట్టు వైపు తిరిగి చూశాను. ఆయన మాత్రం పప్పు కలుపుకుంటూ, "నువ్వెప్పుడొచ్చినావు ఈ ఊరు?" అన్నారు. పొద్దున్నే వచ్చానన్నాను. "నాను నిన్ననే ఒచ్చినాను. కెమెరా తేనేదు" అన్నారు. తిట్టలేదు. చెయ్యి కడుక్కుని జీడిచెట్టు కిందికి వెళ్ళి, ఆ తండ్రితో తోట సంగతీ కాపు సంగతీ మాట్లాడుతూ కూర్చున్నారు. ఆ మాటల మధ్యలో ఎప్పుడో కెమెరా ఎత్తి ఒకటో రెండో తీశారు.

కొన్ని నెలలకి ఆ పెళ్ళికూతురు పలాసలో నా స్టూడియోకి వచ్చింది. తండ్రి పోయాడు. "మేస్టారి కాడ ఒక ఫోటో ఉందక్కా, గోడకి కట్టించినాం. మీ కాడ నవ్వుతున్నదేదైనా ఉంతాదేమోనని ఒచ్చాను" అంది. ఇద్దరం కూర్చుని ఆ పెళ్ళికి నేను తీసిన ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూశాం. వేల ఫోటోలు. కొబ్బరితోట ఉంది, సముద్రం ఉంది, తోరణాలున్నాయి. చివరికి ఒక దాంట్లో అంచున తువ్వాలు చుట్టిన మోచెయ్యి కనిపించింది. ఆ పిల్ల దాన్ని చాలాసేపు చూసింది. "ఇది మా నానే. ఇది ఇవ్వక్కా" అంది. ఆ మోచేతినే పెద్దది చేసి ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాను. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు. మర్నాడు టెక్కలి బస్సెక్కాను.

"మేస్టారూ, నాకు పని నేర్పండి" అంటే ఆయన నవ్వారు. "పని నీకొచ్చు. నీ కెమెరాలో సగం బొత్తాలు నాకే తెల్దు. ఎల్లుండి నందిగాం పక్కన పెళ్ళుంది. రేపే రా. కెమెరా ఇంటికాడ ఒగ్గేసి రా." వెళ్ళాను. ఉత్త చేతులతో పెళ్ళింట్లో ఎలా నిలబడాలో తెలియలేదు. ఆయన అప్పటికే ఆడవాళ్ళ మధ్య కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. నాకూ ఒక కత్తిపీట చూపించారు. కూరలు తరిగేసరికి ఎవరు మేనత్తో, ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరు ఎవర్ని పెంచారో అంతా తెలిసిపోయింది. "ఎవులు ఎవులికి ఏటవుతారో తెలీకండా ఏటి తీత్తావమ్మా? మొకాలు తీత్తావు, అంతే" అన్నారు తిరిగివస్తూ.

ఆ పెళ్ళికూతురి తల్లిది కూడా జీడిపప్పు పనే. జీడిపిక్కల రసానికి వేళ్ళు నల్లబడిపోయి ఉన్నాయి. ఎవరు కెమెరా ఎత్తినా చేతులు కొంగు కిందికి వెళ్ళిపోయేవి. నాకు తెలుసు ఆ సంగతి, మా అమ్మా అంతే. ఫోటో అనగానే చేతులు వెనక దాచుకునేది. అయితే ఏం చేయాలో మాత్రం ఎప్పుడూ తోచలేదు. పెళ్ళి పొద్దున్న కెమెరా తెచ్చుకున్నాను. పెళ్ళికూతురి నుదుటి మీద బాసికం జారింది. అలంకరణ చేసే అమ్మాయి పరిగెత్తుకుని రాబోతే మేస్టారు చెయ్యి అడ్డం పెట్టి, "వదినా, బాసికం జారిపోతంది. బేగి కట్టు" అని తల్లిని పిలిచారు. ఆవిడ తన చేతుల సంగతే మరిచిపోయి రెండు చేతులా దారం పట్టుకుంది. మేస్టారు నా వీపు మీద తట్టి "నువ్వు తియ్యి" అన్నారు. కూతురి పసుపు నుదుటి మీద ఆ నల్లటి వేళ్ళు. నా స్టూడియో గోడకి ఇప్పటికీ అన్నిటికన్నా పెద్ద ఫోటో అదే. ఫోనులోని కోటలూ సరస్సులూ ఆ తర్వాత ఎప్పుడు తీసేశానో గుర్తు లేదు.

ఒకసారి అడిగాను, "ఇన్నేళ్ళుగా అదే పందిరి, అదే తాళి, విసుగు రాదా మేస్టారూ?" అని. "పందిరొకటే గానమ్మా, కింద మనుసులు మారతన్నారు కదా. ఏటీ తోచకపోతే ఆళ్ళతో కూకోని అన్నం తిను" అన్నారు. ఆయన ఆ మాట అక్షరాలా పాటించేవారు, పప్పులో ఉప్పు తగ్గితే వంటవాడిని పిలిచి మరీ చెప్పేవారు. ప్రతి పెళ్ళిలోనూ ఇంకో పని చేసేవారు. ఇంట్లోని పెద్దవాళ్ళని, ఒంట్లో బాగులేనివాళ్ళని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఒక్క ఫోటో తీసేవారు. అందరితో ఉన్నది పెళ్ళి ఫోటో, ఇది ఇంటి ఫోటో అనేవారు. ఎందుకో ఎవరూ అడగరు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు, ఫలానావారికి డయాలసిస్ ఏ వారమో ఇరుగుపొరుగుకి కూడా నోటికి వచ్చు. ఆ కూర్చున్నవాళ్ళకీ తెలుసు, ఆ ఫోటో రేపు ఏ గోడకి ఎక్కుతుందో. ఎవరైనా "తరవాత తీద్దువులే" అని లేవబోతే, మేస్టారు భుజం మీద చెయ్యి వేసి "ఇప్పుడు ఎలుగు బాగుంది బావా" అనేవారు. మబ్బు పట్టిన రోజున కూడా అదే మాట.

తర్వాత ఆయన చెప్పులు మారాయి. పాదాలు వాచి, కొలతకి మించిన రబ్బరు చెప్పులు వేసుకుని వచ్చేవారు. "బుధవారం, శనివారం పెళ్ళిళ్ళు నువ్వు సూసుకోమ్మా" అన్నారు ఒకరోజు. సరేనన్నాను. అవి డయాలసిస్ రోజులని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ముహూర్తాలు లేని రోజుల్లో ఒక మధ్యాహ్నం పలాసలో నా స్టూడియోకి వచ్చారు. తెల్లచొక్కా, గంజి ఎంత దట్టంగా పెట్టారంటే చెయ్యి కదిపితే చప్పుడవుతోంది. తలకి నూనె రాసి పాపిట తీశారు. తిన్నగా వచ్చి స్టూలు మీద కూర్చుని, కిటికీ వెలుగు ఎడమ చెంప మీద పడేలా తనే సర్దుకుని, గడ్డం కాస్త దించారు. "ఒకటి తీయమ్మా. ఎలుగు బాగుంది" అన్నారు.

కెమెరా ఆన్ చేసి కన్ను పెట్టాను. అప్పుడు చూశాను ఆయన్ని. కళ్ళ కింద ఉబ్బు, మెడ దగ్గర వేలాడుతున్న కాలరు. ఆ బొత్తం నొక్కితే నేను ఒప్పేసుకున్నట్టే అనిపించింది. ఆయన లేకుండా పోతారన్న సంగతికి నా చేత్తో నేనే సంతకం పెట్టినట్టు. కెమెరా దించేశాను. "బ్యాటరీ అయిపోయింది మేస్టారూ. వచ్చే వారం తీద్దాం" అన్నాను. ఆయన కెమెరా వంక చూశారు, నా వంక చూశారు. "సరేలే. సార్జింగెట్టుకో మరి" అన్నారు. టీ తెప్పిస్తే రెండు గుక్కలు తాగి, మిగతాది తాగితే డాక్టరు చెప్పిన నీళ్ళ లెక్క మించిపోతుందని వదిలేశారు. ఆయన్ని ఆటో ఎక్కించి వెనక్కి వస్తుంటే గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకున్నాను. పిరికిదాన్ని.

ఆ వచ్చే వారం రాలేదు. టెక్కలి రెండుసార్లు వెళ్ళాను, మంచం మీద ఉన్నారు. కెమెరా సంచిలోనే ఉంది గాని, మంచాన పడ్డ మనిషిని తీయకూడదని నేర్పింది ఆయనే. పోయినప్పుడు ఉద్దానం నుంచి ఆటోల నిండా జనం వచ్చారు. వాళ్ళందరి గోడల మీదా ఆయన తీసిన ఫోటోలున్నాయి. చర్చిలో పెట్టె పక్కన మాత్రం ఏదో గుర్తింపు కార్డులోది పెద్దది చేయించిన ఫోటో పెట్టారు. కళ్ళు సగం మూసుకుని, ఎవరో పరాయి మనిషిలా ఉన్నారు. వచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు ఒక్క క్షణం తటపటాయించడం చూశాను. ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టయింది.

నెల తిరిగాక వాళ్ళావిడ కరుణమ్మగారి దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఆ రోజు బ్యాటరీ అయిపోలేదు" అని చెప్పేశాను. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. తల ఎత్తలేదు.

"తెలుసమ్మా. ఆ రోజే సెప్పినారు. కెమెరాలో దీపం ఎలుగుతానే ఉంది గాని, ఆ లలిత గుంటకి సెయ్యాడనేదు కరుణా, అన్నారు. నవ్వినారు కూడాను."

బియ్యంలో రాయి ఏరి పక్కన పడేసి, "సొక్కా ఉతికి మళ్ళీ గంజెట్టి ఉంచమన్నారు, లలిత పిలుత్తాది అని. ఎట్టి ఉంచినాను. అదే ఏసి పంపినాం" అన్నారు.

తీయని ఆ ఫోటో నాకు కంఠతా వచ్చు. మధ్యాహ్నం మూడు దాటాక ఆ వెలుగు ఇప్పటికీ నా స్టూలు మీదికి వస్తుంది. గడ్డం ఎంత దించాలో, కాలరు ఎటు తిప్పాలో తెలుసు. మనిషే లేడు. ఒక్కసారి, ఒక్క పావుగంట ఆయన వచ్చి కూర్చుంటే చాలునని ఎన్నిసార్లు అనుకున్నానో. పెళ్ళికి ముందురోజు ఇప్పటికీ కెమెరా ఇంట్లో వదిలేసి వెళ్తాను, వంకాయలు తరుగుతాను. పెళ్ళి రోజున మాత్రం నా సంచిలో నాలుగు బ్యాటరీలుంటాయి, నాలుగూ నిండుగా. ఇన్నెందుకని తోటి ఫోటోగ్రాఫర్లు ఏడిపిస్తారు.

సంతబొమ్మాళి తాత కుర్చీలో కదిలాడు. "ఎండగా ఉంది, తరవాత తీద్దువులేమ్మా" అంటూ లేవబోయాడు. భుజం మీద చెయ్యి వేసి ఆపాను. "వెలుగు బాగుంది తాతా, ఒక్కటి" అన్నాను. కాలరు సరిచేసి, వెనక్కి వచ్చి తీశాను. ఒకటి, ఇంకొకటి, నవ్వినప్పుడు ఇంకొకటి.

"ఒక్కటన్నావు. ఎన్ని తీత్తావమ్మా?"

"బ్యాటరీ నిండా ఉంది తాతా" అన్నాను.